ఆసియా బరిలో బరువుల లెక్క



1960 రోమ్ ఒలింపిక్స్. వెయిట్ లిఫ్టింగ్‌లో లైట్‌వెయిట్ తరగతి, అంటే 67.5 కిలోల లోపు మగవాళ్ల పోటీ. అది ముగిశాక పతకాల మెట్లమీద ముగ్గురు నిలబడ్డారు. పై మెట్టుమీద సోవియట్ యూనియన్‌కు చెందిన విక్టర్ బుషుయెవ్. అందులో వింతేమీ లేదు. ఆ రోజుల్లో బరువులెత్తడంలో సోవియట్ వాళ్లకు ఎదురుండేది కాదు. విశేషమంతా మిగిలిన ఇద్దరిదే. రజతం అందుకున్నది సింగపూర్‌కు చెందిన టాన్ హౌ లియాంగ్, కాంస్యం అందుకున్నది ఇరాక్‌కు చెందిన అబ్దుల్ వాహిద్ అజీజ్. అప్పటికి సింగపూర్ ఇంకా పూర్తి స్వతంత్ర దేశం కూడా కాదు. ఆ ద్వీపానికి అదే మొట్టమొదటి ఒలింపిక్ పతకం. రెండో పతకం కోసం 2008 బీజింగ్ దాకా, 48 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. ఇరాక్ సంగతి ఇంకా విచిత్రం. అజీజ్ తెచ్చిన ఆ కాంస్యం తర్వాత ఆ దేశానికి ఒలింపిక్స్‌లో ఇంతవరకూ మరో పతకమే రాలేదు.

ఇలాంటి ‘తొలి పతకాలు’ ఆసియా వెయిట్ లిఫ్టింగ్‌లో చాలానే కనిపిస్తాయి. 1948 లండన్ ఒలింపిక్స్‌కు కొరియా తన సొంత జెండాతో వెళ్లింది. అక్కడ ఆ జెండాకు తొలి పతకం తెచ్చినవాడు కిమ్ సుంగ్ జిప్ అనే లిఫ్టర్. ఫిలిప్పీన్స్ 1924లోనే ఒలింపిక్స్‌కు ఆటగాళ్లను పంపడం మొదలుపెట్టింది. ఆ దేశానికి తొలి స్వర్ణం 97 ఏళ్ల తర్వాత, 2021లో టోక్యోలో దక్కింది. తెచ్చినది హిడిలిన్ డియాజ్, ఆమె కూడా లిఫ్టరే. ఖతార్ తొలి ఒలింపిక్ స్వర్ణం కూడా అదే టోక్యోలో, 96 కిలోల తరగతిలో ఫారెస్ ఇబ్రహీం ఎత్తిన 402 కిలోలతో వచ్చింది. ఇక భారతదేశం నుంచి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి మహిళ ఎవరో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి, 2000 సిడ్నీ.

ఎందుకిలా? ఈ ఆటలో మనిషిని అతని బరువున్న మనిషితోనే నిలబెడతారు. బాస్కెట్‌బాల్‌లో ఆరడుగుల ఎత్తు కావాలి, ఈతకు పెద్ద కొలను కావాలి, హాకీకి టర్ఫ్ మైదానం కావాలి. ఇక్కడ అయిదడుగులు కూడా లేని అమ్మాయికి ఆమెకు తగిన తరగతి ఒకటి ఉంటుంది. పైగా పొట్టిగా ఉండటం ఒక సౌలభ్యం, బార్ నేలమీంచి తలపైకి వెళ్లాల్సిన దూరం తగ్గుతుంది. సరంజామా కూడా పెద్దగా అక్కర్లేదు. ఒక బార్, కొన్ని ప్లేట్లు, ఒక చెక్క వేదిక, వీటన్నిటికంటే ముఖ్యంగా ఒక ఓపికగల కోచ్. చిన్న దేశాలూ చిన్న ఊళ్లూ ఈ ఆటను పట్టుకున్నది అందుకే.

అయితే ఇన్ని ఒలింపిక్ పతకాల మాట వినగానే ఒక పొరపాటు అభిప్రాయం ఏర్పడే ప్రమాదం ఉంది. ఒలింపిక్స్ అన్నిటికంటే పెద్ద మెట్టు, ఆసియా పోటీలు దానికి ముందు ఎక్కే చిన్న మెట్టు అని మనం అనుకుంటాం. అథ్లెటిక్స్‌లోనో ఈతలోనో అది నిజం కావచ్చు. వెయిట్ లిఫ్టింగ్‌లో, అందులోనూ తక్కువ బరువుల తరగతుల్లో, చాలాసార్లు లెక్క తలకిందులవుతుంది. ఆసియాలో గెలవడం ఒలింపిక్స్‌లో గెలవడం కంటే కష్టం.

సాక్ష్యం కావాలంటే మన లిఫ్టర్ మీరాబాయి చాను 2021ని చూడాలి. ఆ ఏప్రిల్‌లో ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌లో ఆసియా చాంపియన్‌షిప్ జరిగింది. 49 కిలోల తరగతి. ఈ ఆటలో ముందు స్నాచ్, తర్వాత క్లీన్ అండ్ జెర్క్ అని రెండు అంచెలు, వాటి వివరం తర్వాత చెప్పుకుందాం. స్నాచ్‌లో మీరాబాయి మొదటి రెండు ప్రయత్నాలూ తప్పాయి. మూడోదీ తప్పితే పోటీ అక్కడితో సరి. ఆ మూడో ప్రయత్నంలో 86 కిలోలు ఎత్తి బతికిపోయింది. ఆ తర్వాత క్లీన్ అండ్ జెర్క్‌లో 119 కిలోలు ఎత్తింది. అప్పటిదాకా ఉన్న ప్రపంచ రికార్డు 118, అది కూడా అదే పోటీలో ఉన్న చైనా అమ్మాయి జియాంగ్ హుయిహువాదే. రెండూ కలిపి మీరాబాయి మొత్తం 205. ప్రపంచ రికార్డు బద్దలు కొట్టిన మనిషికి మొత్తంలో దక్కినది కాంస్యం! స్వర్ణం హౌ జిహుయికి, రజతం జియాంగ్‌కు, ఇద్దరూ చైనావాళ్లే.

మూడు నెలల తర్వాత టోక్యో ఒలింపిక్స్. మీరాబాయి ఈసారి ఎత్తింది మొత్తం 202 కిలోలు, తాష్కెంట్ కంటే మూడు కిలోలు తక్కువ. వచ్చినది మాత్రం రజతం. దేశమంతా టీవీల ముందు కూర్చుని మురిసిపోయిన రోజు అది, 2021 జులై 24. తక్కువ ఎత్తితే ఎక్కువ పతకం ఎలా వచ్చింది? ఒలింపిక్స్‌లో ఒక తరగతికి ఒక దేశం నుంచి ఒక్కరినే అనుమతించారు. చైనా హౌ జిహుయిని పంపింది, జియాంగ్ ఇంట్లో ఉండిపోయింది. ప్రపంచంలో రెండో స్థానంలో ఉన్న అమ్మాయి కేవలం చైనాలో పుట్టినందువల్ల ఒలింపిక్స్ చూడలేదు. ఆసియా చాంపియన్‌షిప్‌లో ఆ అడ్డు లేదు, ఇద్దరూ వచ్చి నిలబడతారు. పైగా ఉత్తర కొరియా, థాయిలాండ్, వియత్నాం, ఇండొనేసియా, తైవాన్ అన్నీ ఒకే గదిలో తయారవుతుంటాయి.

తర్వాత జరిగినవి కూడా ఇదే మాట చెబుతాయి. 2023లో హాంగ్‌జౌలో ఆసియా క్రీడలు. ఏళ్ల తరబడి అంతర్జాతీయ పోటీలకు దూరంగా ఉన్న ఉత్తర కొరియా మళ్లీ వచ్చింది. వాళ్ల రి సాంగ్ గుమ్ 49 కిలోల తరగతిలో క్లీన్ అండ్ జెర్క్‌లో 124, మొత్తం 216 ఎత్తింది. రెండూ ప్రపంచ రికార్డులే. జియాంగ్ 213తో రెండోది. థాయిలాండ్ లిఫ్టర్ 199తో మూడోది. ఒలింపిక్ రజతం మెడలో ఉన్న మీరాబాయి తుంటి నొప్పితో, 117 కిలోల బార్ కింద తూలిపోయి, 191తో నాలుగో స్థానంలో మిగిలింది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా లిఫ్టర్లు ఎవరూ లేరు. అక్కడ స్వర్ణం గెలిచిన హౌ జిహుయి మొత్తం 206, అంటే హాంగ్‌జౌలో రి సాంగ్ గుమ్ ఎత్తినదానికంటే పది కిలోలు తక్కువ. పారిస్‌లోనూ మీరాబాయి నాలుగోదే. మొత్తం 199. కాంస్యం గెలిచిన థాయిలాండ్ అమ్మాయి సురోద్‌చనా ఖంబావ్ మొత్తం 200.

ఆ ఒక్క కిలో గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. చూసేవాళ్లకు ఇది కండల ఆట. లోపల ఉన్నవాళ్లకు ఇది లెక్కల ఆట.

పోటీ ఇలా జరుగుతుంది. ప్రతి లిఫ్టర్‌కూ స్నాచ్‌లో మూడు ప్రయత్నాలు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు. స్నాచ్ అంటే నేలమీది బార్‌ను ఒకే ఊపున తలపైకి తీసుకుపోవడం. క్లీన్ అండ్ జెర్క్ అంటే ముందు భుజాలమీదికి, అక్కడినుంచి తలపైకి. ఒక్కోదాంట్లో వచ్చిన మేలైన బరువులు కలిపితే మొత్తం. వేదిక నాలుగు మీటర్ల చదరం. మగవాళ్ల బార్ 20 కిలోలు, ఆడవాళ్లది 15. ఎర్ర ప్లేటు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. అలవాటైన కన్ను రంగులు చూసే బరువు చెప్పేస్తుంది. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్ల లైటు వేస్తే ఎత్తినట్టు, ఇద్దరు ఎర్ర లైటు వేస్తే లేనట్టు.

అసలు కిటుకు ఇంకో నియమంలో ఉంది. బార్‌మీద బరువు పెరుగుతుందే గాని తగ్గదు. తక్కువ అడిగినవాళ్లు ముందు ఎత్తాలి, ఎక్కువ అడిగినవాళ్లు తర్వాత. కోచ్‌లు పోటీ జరుగుతుండగానే తమ అంకె మార్చుకోవచ్చు, అదీ రెండుసార్లు. దాంతో వెనక గదిలో ఒక వేలంపాట నడుస్తుంది. అవతలివాళ్లు ఎంత అడిగారో చూసి ఒక కిలో పెంచితే, తన లిఫ్టర్‌కు ఇంకో రెండు నిమిషాలు ఊపిరి తీసుకునే వీలు చిక్కుతుంది. లేదా అవతలి అమ్మాయి ముందు వెళ్లాల్సి వస్తుంది. వేదికమీద లిఫ్టర్‌కు ఉన్నది ఒక్క నిమిషం. తానే వరసగా రెండోసారి ఎత్తాల్సి వస్తే రెండు నిమిషాలు. ఆ లోపల చేతులకు తెల్లపొడి పూసుకోవాలి, బొటనవేలిని బార్‌కు ఆనించి మిగతా వేళ్లను దానిమీద బిగించాలి, ఊపిరి పట్టాలి. ఆ పట్టులో బొటనవేళ్లు నలిగిపోతాయి. అందుకే చాలామంది వాటికి టేపు చుట్టుకుంటారు.

ఇంకో విషయం. లిఫ్టర్ బార్‌ను తలపైదాకా లాగుతున్నట్టు మనకు కనిపిస్తుంది. నిజానికి బార్ అంత ఎత్తుకు లేవదు. నడుముకూ ఛాతీకీ మధ్యకు వచ్చి అది ఒక్క క్షణం తేలినట్టవుతుంది. ఆ క్షణంలో లిఫ్టరే గొంతుక్కూర్చుని దానికింద దూరిపోతుంది. బరువు పైకి పోవడం కంటే మనిషి కిందికి పోవడమే వేగంగా జరగాలి. కండ బలం ఎంతున్నా ఆ దూరడంలో అరక్షణం ఆలస్యమైతే బార్ ముందుకో వెనక్కో పోతుంది.

2021 జులై 26, టోక్యోలో 55 కిలోల తరగతి. హిడిలిన్ డియాజ్, చైనా లిఫ్టర్ లియావ్ చియుయున్ స్నాచ్‌లో సరిసమానం, ఇద్దరివీ 97 కిలోలు. క్లీన్ అండ్ జెర్క్ చివరికి వచ్చేసరికి లియావ్ తన మూడో ప్రయత్నంలో 126 ఎత్తింది. మొత్తం 223. ఇక ఆమె చేతిలో ఏమీ లేదు. హిడిలిన్‌కు ఒక్క ప్రయత్నం ఉంది. 126 ఎత్తితే మొత్తం సమానమవుతుంది, కానీ ఆ మొత్తాన్ని ముందు చేరినవాళ్లదే గెలుపు కాబట్టి రజతమే. ఆమె కోచ్ గావ్ కైవెన్, ఆయనా చైనావాడే, 127 పెట్టించారు. ఆమె ఎత్తింది. 224. ఒక్క కిలో తేడాతో ఒక దేశం ఎదురుచూపు ముగిసింది. దీనికి ఏడాదిన్నర ముందు హిడిలిన్ సాధనకోసం మలేషియా వెళ్లి, కరోనా వల్ల అక్కడే చిక్కుపడింది. జిమ్‌లు మూతపడితే వెదురు కర్రకు రెండు వైపులా నీళ్ల సీసాలు వేలాడదీసి, మన కావడి మోసినట్టు మోస్తూ సాధన చేసింది.

ఈ ‘ముందు చేరినవాళ్లదే గెలుపు’ అనే నియమం కొత్తది. అంతకుముందు మొత్తాలు సమానమైతే శరీర బరువు తక్కువున్నవాళ్లను గెలిపించేవారు. 1968 మెక్సికోలో ఇరాన్‌కు చెందిన మొహమ్మద్ నసీరీ, హంగరీకి చెందిన ఇమ్రే ఫోల్డీ ఇద్దరూ 367.5 కిలోలే ఎత్తారు. తేలికైన నసీరీకి స్వర్ణం దక్కింది. 2000 సిడ్నీలో మల్లీశ్వరి పోటీలో కూడా ఇదే జరిగింది. చైనాకు చెందిన లిన్ వెయినింగ్, హంగరీకి చెందిన ఎర్జిబెత్ మార్కుష్ ఇద్దరివీ 242.5. శరీర బరువు తక్కువైన లిన్‌కు స్వర్ణం. మల్లీశ్వరిది 110, 130 కలిపి 240. ఆమె చివరి ప్రయత్నానికి బార్‌మీద ఉన్నది 137.5. అంటే ఒకేసారి ఏడున్నర కిలోలు పెంచిన అంకె. అది లేచి ఉంటే మొత్తం 247.5, నిస్సందేహంగా స్వర్ణం. లేవలేదు. ఆ అంకె గురించి మనవాళ్లు పాతికేళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. అప్పట్లో బరువులు రెండున్నర కిలోల చొప్పునే పెరిగేవి. ఒక్కో కిలో పెంచుకునే వెసులుబాటు 2005లో గాని రాలేదు.

లెక్కలన్నిటినీ మింగేసిన పోటీ మరొకటి ఉంది. 2012 లండన్, 56 కిలోల తరగతి. మొత్తాలు తక్కువగా నమోదు చేసుకున్నవాళ్లను బి గ్రూపులో వేసి ముందే ఎత్తించేస్తారు. పతకాల పోటీ అసలు ఎ గ్రూపులోనే అని అందరి నమ్మకం. బి గ్రూపులో ఉత్తర కొరియాకు చెందిన ఓమ్ యున్ చోల్ వచ్చి క్లీన్ అండ్ జెర్క్‌లో 168 కిలోలు ఎత్తాడు. తన బరువుకు మూడు రెట్లు. అలా ఎత్తినవాళ్లు అప్పటికి ప్రపంచ చరిత్రలో అయిదుగురే, అతనితో కలిపి. మొత్తం 293. ఎ గ్రూపు వాళ్లంతా ఆ తర్వాత వచ్చి ఆ అంకెను చేరలేక వెనుదిరిగారు. చైనాకు చెందిన వు జింగ్‌బియావ్ 289తో రజతం గెలిచి, టీవీ కెమెరాల ముందు వెక్కి వెక్కి ఏడ్చి దేశానికి క్షమాపణ చెప్పాడు. ఒలింపిక్ రజతానికి ఏడ్చిన ఆ మనిషికి రెండేళ్ల తర్వాత ఇంచియాన్ ఆసియా క్రీడల్లో దక్కినది కాంస్యం. అక్కడ ఓమ్ 170 ఎత్తి ప్రపంచ రికార్డు రాశాడు. రెండో స్థానం వియత్నాంకు చెందిన థాక్ కిమ్ తువాన్‌ది. ఆసియా మెట్టు ఎంత ఎత్తో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

తేలిక తరగతులు తూర్పు ఆసియావైతే, భారీ తరగతి చాలాకాలం ఇరాన్‌ది. అర్దబీల్ నగరానికి చెందిన హొస్సేన్ రెజాజాదే సిడ్నీ, ఏథెన్స్ ఒలింపిక్స్ రెండిట్లోనూ 472.5 కిలోల మొత్తంతో స్వర్ణాలు గెలిచాడు. ఆసియా క్రీడల్లోనూ బుసాన్, దోహా రెండూ అతనివే. బార్ దగ్గరికి వచ్చేటప్పుడు ‘యా అబుల్ ఫజల్’ అని గొంతెత్తి అరిచేవాడు. మన పీర్ల పండుగలో ఎవరి పేరుమీద పీరు లేస్తుందో, ఆ హజ్రత్ అబ్బాస్‌కే అది ఇంకో పేరు. రెజాజాదే తర్వాత బెహ్‌దాద్ సలీమీ లండన్‌లో స్వర్ణం గెలిచాడు. రియోలో మాత్రం సలీమీకి దారుణం జరిగింది. స్నాచ్‌లో 216తో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. క్లీన్ అండ్ జెర్క్‌లో రిఫరీలు ఒప్పుకున్న ప్రయత్నాన్ని జ్యూరీ కొట్టేసింది. మిగతావి తప్పాయి. మొత్తం సున్నా. మోచేయి చివర్లో కొంచెం మడిచి మళ్లీ చాచినా ఎర్ర లైటు వేసే నియమం ఈ ఆటకు గొప్ప క్రమశిక్షణ తెచ్చిన మాట నిజమే. తగాదాలు తెచ్చిన మాటా అంతే నిజం.

తైవాన్ లిఫ్టర్ కువో సింగ్ చున్ కథ వేరు. 2014లో, ఇంచియాన్ ఆసియా క్రీడలకు ముందు సాధన చేస్తుండగా 141 కిలోల బార్ ఆమె కుడి తొడమీద పడింది. కండరం చాలాభాగం చిరిగిపోయింది. మళ్లీ నడవడమే ఒక పని అయింది. 2017లో తైపేలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో, సొంత జనం ముందు, ఆమె క్లీన్ అండ్ జెర్క్‌లో 142 కిలోలు ఎత్తి ప్రపంచ రికార్డు సృష్టించింది. తనమీద పడినదానికంటే సరిగ్గా ఒక కిలో ఎక్కువ! నాలుగేళ్ల తర్వాత టోక్యోలో స్వర్ణం.

ఇండొనేసియాలో సైకిల్ రిక్షా తొక్కేవాడి కొడుకు, చిన్నప్పుడు మేకలు కాచిన ఎకో యూలి ఇరావన్ 2008 నుంచి టోక్యో దాకా నాలుగు వరస ఒలింపిక్స్‌లో నాలుగు పతకాలు తెచ్చాడు. స్వర్ణం మాత్రం చిక్కలేదు. ఆ లోటును పారిస్‌లో 73 కిలోల తరగతిలో రిజ్కీ జునియన్‌షా తీర్చాడు. ఆ పోటీలో ప్రపంచ రికార్డుల వీరుడు, చైనాకు చెందిన షి జియోంగ్ క్లీన్ అండ్ జెర్క్ మూడు ప్రయత్నాలూ పోగొట్టుకుని ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు. ఈ ఆట ఎంతటివాడినీ ఖాతరు చేయదు.

ఇంత చెప్పి మందుల సంగతి దాటేస్తే మోసం చేసినట్టే. కజకిస్తాన్‌కు చెందిన ఇల్యా ఇల్యిన్ బీజింగ్, లండన్ రెండు ఒలింపిక్స్ స్వర్ణాలూ 2016లో వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది. దాచిపెట్టిన నమూనాలను కొత్త పద్ధతుల్లో మళ్లీ పరీక్షిస్తే నిషిద్ధ మందులు బయటపడ్డాయి. లండన్‌లో కజకిస్తాన్ లిఫ్టర్లు గెలిచిన నాలుగు స్వర్ణాలూ అలాగే పోయాయి. థాయిలాండ్ జట్టు టోక్యోకు వెళ్లనేలేదు, కారణం అదే. మనమేమీ కడిగిన ముత్యాలం కాదు, 2004 ఏథెన్స్‌లో భారత లిఫ్టర్లు ఇద్దరు పరీక్షలో దొరికారు. ఇవన్నీ కలిసి ఆటనే ఒలింపిక్స్‌నుంచి తీసేసే పరిస్థితి తెచ్చాయి. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల మొదటి జాబితాలో వెయిట్ లిఫ్టింగ్ లేదు. 2023 అక్టోబరులో మన ముంబయిలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలో గాని దానికి మళ్లీ చోటు ఖరారు కాలేదు.

డబ్బుతో జట్టు కొనుక్కున్న ముచ్చట కూడా ఒకటుంది. సిడ్నీకి ముందు ఖతార్ బల్గేరియా లిఫ్టర్లను ఒక జట్టుగా తెచ్చుకుని పౌరసత్వమిచ్చింది. వాళ్లలో ఏంజెల్ పోపోవ్ అనే అతను సయీద్ సైఫ్ అసాద్ అనే కొత్త పేరుతో కాంస్యం గెలిచాడు. ఈమధ్య బహ్రెయిన్‌ది కూడా అదే దారి.

తెలుగునాట ఈ ఆటకు వేర్లు లోతుగానే ఉన్నాయి. కోడి రామ్మూర్తి నాయుడి బలప్రదర్శనల గురించి ఉత్తరాంధ్రలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. పండగ రోజుల్లో సంగిడి రాళ్లెత్తే పోటీలు అక్కడి పల్లెల్లో మామూలే. కృష్ణా జిల్లాకు చెందిన దండమూడి రాజగోపాల్ 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లోనే కాంస్యం తెచ్చాడు. నర్తనశాల సినిమాలో భీముడు ఆయనే. బెజవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న దగ్గర బార్ పట్టుకోవడం నేర్చుకున్న మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ చాంపియన్. అదే 1994లో హిరోషిమా ఆసియా క్రీడల్లో మాత్రం రజతమే. 1998 బ్యాంకాక్‌లో మళ్లీ రజతమే. ప్రపంచ విజేతకు ఆసియాలో రెండో స్థానం!

విజయనగరం జిల్లా కొండవెలగాడ వెయిట్ లిఫ్టింగ్ ఊరుగానే పేరుపడింది. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం అందుకుంది. ఒకప్పుడు నేరస్తుల ఊరని ముద్ర వేయించుకున్న స్టూవర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట రాహుల్ అదే ఏడాది చైనాలోని నాన్‌జింగ్‌లో యువ ఒలింపిక్స్ రజతం, 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. కామన్వెల్త్‌లో మనవాళ్లు స్వర్ణాలు దండిగా తెస్తారు. అక్కడ చైనా లేదు, కొరియాలు లేవు, ఇరాన్ లేదు. ఆ పతకాలను తక్కువ చేయడం కాదిది. ఆ జాబితా చూసి ఆసియాలో కూడా మనదే రాజ్యమని పత్రికలు రాయడం మాత్రం మానుకోవాలి.

ఈసారి ఆసియా పోటీలు టీవీలో వస్తే పతకాల పట్టిక చూసి కట్టేయకుండా, బి గ్రూపునుంచే చూడండి. వేదిక పక్క బోర్డుమీద అంకెలు మారుతుంటే ఏ కోచ్ ఎవరిని ముందు నెడుతున్నాడో గమనించండి. తర్వాతి ఆసియా క్రీడలు 2026 సెప్టెంబరు 19న జపాన్‌లోని ఐచి-నగోయాలో మొదలవుతాయి. 1951 నుంచి హాంగ్‌జౌ దాకా ఆసియా క్రీడల వెయిట్ లిఫ్టింగ్‌లో భారతదేశానికి వచ్చినవన్నీ రజతాలూ కాంస్యాలే. 1998 తర్వాత అవి కూడా లేవు. ఒలింపిక్ వేదికమీద రెండుసార్లు పతకం అందుకున్న మన లిఫ్టర్లకు ఆసియా క్రీడల స్వర్ణం ఇప్పటికీ బాకీయే.